ఝట్‌పట్ మిస్త్రీ

సూరత్‌లో లింబాయత్ సందుల్లోకి వెళ్లి లింగమూర్తి ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఝట్‌పట్ మిస్త్రీ ఇల్లెక్కడ అని అడిగితే మాత్రం పాన్‌డబ్బా వాడు కూడా లేచి వచ్చి దారి చూపిస్తాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి. సిరిసిల్ల పక్క పల్లెలో ఏడో తరగతి దాకా చదివి, పద్దెనిమిదో ఏట సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి సూరత్ రైలెక్కాడు. రెండేళ్లు తెగిన దారాలకు ముడులు వేశాడు. పని లేని పూటల్లో ఉధ్నాలో రేడియోలు బాగుచేసే ఒక పార్సీ ముసలాయన దుకాణం ముందు నిలబడేవాడు. ఆయన చేతులు చూసి చూసి పని పట్టేశాడు. మూడో ఏడు గడిచేసరికి ముసలాయనే లోపలికి పిలిచి స్టూలు వేశాడు.

ఇదంతా ఎవరూ అడగనక్కర్లేదు. ఎదురుగా కూర్చున్న మనిషికి చాయ్ అందకముందే లింగమూర్తి తన ఘనతలు మొదలుపెడతాడు. బొంబాయి నుంచి సూట్‌కేసుతో దిగిన కంపెనీ ఇంజనీరు మూడు రోజులు కుస్తీపట్టి వదిలేసిన టీవీని తాను నలభై నిమిషాల్లో బతికించాడు. ఎనభై రెండులో వీధి మొత్తానికి బొమ్మ కనబడాలని మూడంతస్తుల మేడ మీద ఇరవై అడుగుల వెదురు కట్టి యాంటెన్నా నిలబెట్టాడు. ఆ ఏడు గాలివానకు చుట్టుపక్కల యాంటెన్నాలన్నీ పడ్డాయి, అది పడలేదు.

“నేను కాపురానికొచ్చిన కొత్తల అది పన్నెండడుగులే,” అంటుంది కనకవ్వ, ఆయన భార్య, బియ్యం ఏరుకుంటూ. “ఏటేటా పెరుగుతాంది.”

“నీకేమెరుకనే? నువ్వు కింద తాడు పట్టుకొని నిలబడ్డవ్.”

“నేను పట్టుకుంటెనే గద నువ్వు పైన నిలబడ్డవ్.”

కానీ అన్నిటికంటే పెద్ద ఘనత ఝట్‌పట్. దాన్ని చెప్పేటప్పుడు ఆయన చాయ్ గ్లాసు కింద పెడతాడు. రెండు చేతులూ కావాలి.

ఆ కాలపు టీవీల్లో గాజు వాల్వులు ఉండేవి. ఒక్కో వాల్వు లోపల సన్నటి తీగ. అది ఎర్రగా కాగితే గానీ వాల్వు పని చేయదు. స్విచ్ వేసిన తర్వాత ఆ తీగలన్నీ కాగడానికి నిమిషం పట్టేది, చలికాలమైతే ఇంకాస్త. ముందు మాట వచ్చేది, తర్వాత ఎప్పటికో బొమ్మ. ఏడింటికి షిఫ్టు దిగి, ఒంటి మీది దూది కూడా దులుపుకోకుండా పరుగెత్తుకొచ్చే మనుషులకు ఆ నిమిషం ఓపిక ఉండేది కాదు. టీవీని చేత్తో చరిచేవాళ్లు, తిట్టేవాళ్లు. పార్సీ ముసలాయన దగ్గరున్న ఒక పాత ఇంగ్లీషు పత్రికలో లింగమూర్తి ఒక బొమ్మ చూశాడు. విదేశాల్లో కంపెనీలే కొన్ని సెట్లలో పెట్టి అమ్మిన పద్ధతి అది. అక్షరాలు చదవలేకపోయాడు గానీ గీతలు చదివాడు.

స్విచ్‌లో వాల్వుల తీగల వైపుకు అడ్డంగా ఒక డయోడు, కరెంటును సగమే వదిలే మిరియపు గింజంత ముక్క. అంతే. స్విచ్ ఆపినా దాని గుండా సగం కరెంటు వాల్వుల తీగలకు వెళ్తూనే ఉంటుంది. బొమ్మ ఉండదు, మాట ఉండదు, చూసేవాళ్లకు టీవీ ఆగిపోయినట్టే. లోపల మాత్రం తీగలు సగం కాకలో ఉంటాయి. మళ్లీ స్విచ్ వేస్తే అయిదు లెక్కపెట్టే లోపు బొమ్మ. మొదటిసారి చూసిన సేఠ్ కుర్చీలోంచి లేచి “అరే వాహ్, ఝట్‌పట్!” అన్నాడు, చిటికెలో వచ్చేసిందని. ఆ పేరు అట్లా అంటుకుంది.

“పదకొండు టీవీలకు పెట్టిన. సూరత్‌ల, కిమ్‌ల. ఇంకొకనికి చేతనయిందా? అడుగుండ్రి,” అంటాడు లింగమూర్తి.

అక్కడితో ఆపుతాడు. ఆ పదకొండూ తర్వాత ఏమయ్యాయో ఎవరూ అడగరు. ఆయనా చెప్పడు.

కిందటి దీపావళి వెళ్లిన వారానికి నది అవతల ఉన్న అడాజన్ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. పేరు ప్రణీత, వాళ్లది రాజమండ్రి. భర్త భరద్వాజ్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆమె అక్కడ ఇడ్లీ దోసెల టిఫిన్ సెంటర్ నడుపుతోంది. దుకాణంలో పాతకాలపు వస్తువులు పెట్టాలని సరదా పుట్టి, సూరత్ దగ్గరి కిమ్ ఊళ్లో పాతసామాన్ల దుకాణం నుంచి చెక్క తలుపుల టీవీ ఒకటి తెచ్చుకున్నారు. దాని వెనక అట్ట లోపల పెన్సిలుతో తెలుగులో పేరు రాసి ఉంది. లింగమూర్తి, 1984. ఆ టిఫిన్ సెంటర్‌లో పిండి రుబ్బే వినోదది లింబాయతే. దాన్ని చూసి, ఇది మాకు వరసకు పెదనాన్న, మా పెద్దబాపు చేతిరాత అని చెప్పిందట.

లింగమూర్తి ఆ రోజే వెళ్లాడు. మూడు వాల్వులు, నాలుగు కెపాసిటర్లు మార్చాడు. ఐదో రోజు పెన్‌డ్రైవ్‌లోంచి పాత పాట ఒకటి నలుపు తెలుపుల్లో తెర మీదికి వచ్చింది. దోసెలు తింటున్న వాళ్లు తినడం ఆపి చప్పట్లు కొట్టారు. ప్రణీత ఫోన్‌తో వీడియో తీసింది.

బొమ్మ రావడానికి ముందు, వెనక అట్ట విప్పిన మొదటి నిమిషంలోనే ఆయనకు తన డయోడు కనిపించింది. నలభై ఏళ్ల దుమ్ములో, తను వేసిన సోల్డరు అట్లాగే ఉంది. కట్టర్ చేతిలోకి తీసుకున్నాడు. రెండు నొక్కులు నొక్కితే ఊడి వచ్చేస్తుంది. మీటరు పెట్టి చూశాడు. డయోడు బతికే ఉంది. నలభై ఏళ్లు! ఏ కంపెనీ వస్తువు ఉంటుంది నలభై ఏళ్లు?

“అదేంటి తాతగారూ?” అని ప్రణీత ఫోన్ దగ్గరికి తెచ్చింది.

“ఇది నా సర్క్యూట్ బిడ్డా. దీంతోనే నాకు పేరొచ్చింది.” కట్టర్‌ను సంచిలో వేశాడు. “ప్లగ్గు మాత్రం ఎన్నడు పీకొద్దు. పీకితే ఝట్‌పట్ పోతది.”

ఆ అమ్మాయి పెద్దల మాట పట్టించుకునే పిల్ల. కాగితం మీద ‘ప్లగ్ తీయరాదు, తాతగారి ఆజ్ఞ’ అని రాసి గోడకు అంటించింది. అందరూ నవ్వారు. లింగమూర్తి కూడా నవ్వాడు. వినోద ఒక్కతే, దండం పెట్టినట్టుగా టీవీని తాకి కళ్లకద్దుకుంది.

జనవరి మొదటి వారంలో ప్రణీత మళ్లీ ఫోన్ చేసింది.

“తాతగారూ, మీ టీవీ మాకు రెండు పనులు చేస్తోంది తెలుసా? ఈ చలికి ఇడ్లీ పిండి పొద్దున తొమ్మిదైనా పొంగట్లేదు. వినోదక్క గిన్నె తీసుకెళ్లి టీవీ మీద పెట్టింది. ఐదింటికల్లా బంగారంలా పొంగి కూర్చుంది!”

లింగమూర్తి పకపకా నవ్వాడు. ఫోన్ పెట్టేశాక కనకవ్వకు చెప్పాడు. కనకవ్వ కూడా నవ్వింది. “గింతకు మన బతుకంత ఇడ్లీలకే పనికొచ్చిందన్నట్టు,” అంది.

చాయ్ తాగుతూ తాగుతూ ఆయన గ్లాసు ఆపాడు. సగం కాకకు చెక్క మీద అరచేయి పెడితే గోరువెచ్చగా తెలియాలి, పిల్లి వచ్చి పడుకునేంత. పది కిలోల చల్లటి పిండిని ఐదింటికల్లా పొంగించేంత కాదు. చేతి వేళ్లతో ఏదో లెక్క వేసుకున్నాడు. మళ్లీ వేసుకున్నాడు. పెద్ద గిన్నె పెడితే పైన గాలి పోయే సందులు మూసుకుపోతాయి, అందుకే వేడి ఎక్కువ నిలుస్తుందేమో. అంతే అయ్యుంటుంది. లేచి బజారుకు వెళ్లాడు.

వారం గడిచాక మళ్లీ ఫోన్. ఈసారి ఆమె గొంతులో సంబరం తగ్గింది. పిండి నాలుగింటికే పొంగి పొర్లిపోతోందట. టీవీ వెనక గాలి సందుల్లోకి కారుతోందట. దుకాణం తలుపు తీయగానే ఇస్త్రీపెట్టె మరిచిపోయినట్టు వాసన.

“ఇంకొకటి తాతగారూ. వినోదక్క గిన్నె కుడుతోంది అంటోంది. పట్టుకుంటే చేతులు జిల్లుమంటున్నాయిట. మా ఆయనేమో చలికాలంలో అలాగే ఉంటుందిలే అని నవ్వుతున్నాడు. నిజమేనా?”

నాలుక చివరి దాకా వచ్చింది మాట. ప్లగ్గు పీకు. రెండే ముక్కలు. కానీ ఆ తర్వాతి ప్రశ్న ఏమిటో ఆయనకు తెలుసు. ఎందుకు తాతగారూ?

“చలికాలం గద బిడ్డా,” అన్నాడు. “గిన్నె టీవీ మీద పెట్టకుండ్రి. నేను ఆదివారం వచ్చి చూస్త.”

వాళ్లు గిన్నె పెడుతూనే ఉంటారని ఆయనకు తెలుసు. పొద్దున ఏడింటికి జనం వచ్చి నిలబడితే పిండి పొంగలేదని చెప్పే దుకాణందారు ఎవరూ ఉండరు. ఆ రోజు అన్నం ముందు కూర్చుని ఎంతసేపటికీ కలపలేదు.

కిమ్‌లో ఒక కార్ఖానా ఉండేది. ఎనభై ఏడు సంగతి. సాంచాల షెడ్డు వెనక ఒక గది, అందులో ఇరవై రెండు మంది కార్మికులు వంతులవారీగా పడుకునేవాళ్లు. గదికొక టీవీ. లింగమూర్తి డయోడు వేసిన టీవీల్లో అది ఏడోది. దూది పడకుండా దానికి ఆ మనుషులు తమ చేతులతో నేసిన పాలిస్టర్ చీర ముక్క కప్పేవాళ్లు, నాలుగు వైపులా కిందికి వేలాడేటట్టు. పెండ్లికూతురు లెక్క ఉన్నది అని మురిసిపోయేవాళ్లు. ఒక మధ్యాహ్నం పరుశురాం అనే ఇరవై ఎనిమిదేళ్లవాడు షిఫ్టు దిగి వచ్చి, కాసేపు చూసి, టీవీ ఆపి, బీడీ ముట్టించుకొని పడుకున్నాడు. పక్కన వాడి మేనమామ సోమలింగం నిద్రలో ఉన్నాడు.

గంట తర్వాత గది అంటుకుంది. ఎవరూ చావలేదు. సోమలింగం కాళ్లు రెండూ మోకాళ్ల దాకా కాలిపోయాయి. ఆ మనిషి మళ్లీ సాంచా ముందు నిలబడలేదు.

సేఠ్ అందరినీ వరుసగా నిలబెట్టి అడిగాడు. టీవీ నడుస్తోందా? లేదు సేఠ్, ఆపి ఉంది. ఎవరు ఆపారు? పరుశురామే చెప్పాడు, “నేనే ఆపిన సేఠ్. నా చేత్తోనే ఆపిన.” ఆపిన టీవీ ఎట్లా అంటుకుంటుంది? చాప పక్కన బీడీ ముక్క దొరికింది. అందరూ దాని వైపు చూశారు. పరుశురాం కూడా చూశాడు. వాడికీ అదే నిజమనిపించింది.

మర్నాడు పొద్దున సేఠ్ లింగమూర్తిని పిలిపించాడు, టీవీ పనికొస్తుందేమో చూడమని. స్టాండు చెక్క ముందు వైపు పైపైన కాలింది. టీవీ వెనక ఉన్న వైపు బొగ్గైపోయింది. నిప్పు బయటినుంచి లోపలికి పోలేదు, లోపలినుంచి బయటికి వచ్చింది. ఏడో తరగతి చదువు చాలు ఆ మాత్రం చదవడానికి.

“పనికిరాదు సేఠ్,” అన్నాడు. ఇంకేమీ అనలేదు.

పరుశురాం పని పోయింది. ఏ కార్ఖానాకు వెళ్లినా బీడీవాడు వచ్చాడు అన్నారు. సోమలింగాన్ని లింబాయత్‌కు తెచ్చుకొని, ఎనిమిదేళ్లు, ఆయన చచ్చేదాకా భుజం మీద మోశాడు. ఆ రోజునుంచి పరుశురాం నిప్పు ముట్టలేదు. బీడీ ఒక్కటే కాదు. పొయ్యి ముట్టించడు, దేవుడి ముందు దీపం పెట్టడు. ఇంట్లో ఆ పనులన్నీ కూతురు వినోదవి. ఎదురుపడినప్పుడు మాత్రం “అన్నా, మంచిగున్నవా?” అని నవ్వుతాడు. సాంచాల మోతలో చెవులు సగం పోయాయి గనుక జవాబు వినబడకపోయినా తల ఊపుతాడు.

ఆ నెలలోనే లింగమూర్తి తొమ్మిది ఇళ్లు తిరిగాడు. ‘ఫ్రీ సర్వీసు’ అని చెప్పి వెనక అట్ట విప్పి, డయోడు కత్తిరించి, జేబులో వేసుకొని వచ్చాడు. టీవీ ముసలిదైంది, బొమ్మ నిదానంగా వస్తోంది అనుకున్నారు జనం. కాలింది ఒకటి, తీసినవి తొమ్మిది. పదకొండోది కిమ్‌లోనే ఇంకో సేఠ్ బంగళాలో ఉంది. ఆయన బంగళాకు తాళం వేసి బొంబాయి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ప్లగ్గు పీకే ఉంటారు, ఎప్పుడో పాతసామాన్లలో పోయి ఉంటుంది అని లింగమూర్తి తనకు తాను చెప్పుకున్నాడు. ముప్పై ఏళ్ల పైన చెప్పుకుంటే ఏ మాటైనా నిజంలాగే ఉంటుంది.

ఆదివారం ఇంకా రానేలేదు. శుక్రవారం పొద్దున ఆరున్నరకే ఫోన్ మోగింది. ప్రణీత.

“తాతగారూ, మీ టీవీ పాడైపోయింది. ఏమీ అనుకోకండి. వెనక చెక్క అరచేయంత నల్లగా కాలిపోయింది. పైన లక్ష్మీదేవి పటానికి వినోదక్క రోజూ అగరుబత్తి పెడుతుంది, నుసి పడి రాజుకున్నట్టుంది. మా ఆయనకు బాగా కోపం వచ్చింది. ఇవాళ్టితో ఆవిణ్ణి మానేయమన్నాం.”

“టీవీ?” అన్నాడు లింగమూర్తి. “టీవీ నడుస్తాందా?”

“లేదండీ, ఆఫ్‌లోనే ఉంది. తర్వాత మాట్లాడతా, జనం వచ్చేస్తున్నారు.”

“బిడ్డా, ప్లగ్గు—”

కట్ అయింది. వెంటనే చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు.

“గింత పొద్దుగాల యాడికి?” అంది కనకవ్వ.

“ఫ్రీ సర్వీసు.”

కనకవ్వ చేతిలోని చీపురు ఆగింది. ముఖంలోకి చూసింది. “మల్లా ఫ్రీ సర్వీసేనా?” అంది.

ఆయన గడప దగ్గర ఆగాడు. ఇన్నేళ్లుగా ఆమె ఏమీ అడగకపోవడం ఏమీ తెలియక కాదని ఆ క్షణంలో ఆయనకు అర్థమైంది.

బస్సులో కూర్చుని ఆరుసార్లు ఫోన్ చేశాడు. వినోద నంబరు ఆయన దగ్గర లేదు. బస్సు తాపీ నది వంతెన మీద ఆగి ఆగి కదులుతోంది. గిన్నె కుడుతోంది అందట. అంటే కారిన పిండి లోపలి ఇనుప చట్రం దాకా చేరింది. ఆ టీవీల్లో చట్రానికే నేరుగా కరెంటు ఉంటుంది. పిండి తడి ఆరకపోతే గిన్నెకూ చట్రానికీ తేడా లేదు. ఇన్నాళ్లూ జిల్లుమని వదిలిపెట్టింది. ఇవాళ కింద నేల తడిగా ఉంటే? వినోద చెప్పులు వేసుకోదు. వంటగదిలో చెప్పులేమిటి అని వదిలేసి వస్తుంది. ఆమె పుట్టిన పదకొండో రోజున తనే ఆమె చేతికి నల్లదారం కట్టాడు.

దుకాణం చేరేసరికి ఎనిమిది. బల్లలన్నీ నిండి ఉన్నాయి. మూల టీవీ, దాని మీద గిన్నె, గిన్నె అంచునుంచి తెల్లగా జారుతున్న పిండి. వినోద కడిగిన చేతులతో, నీళ్లు కారుతుండగా, దాని వైపు నడుస్తోంది.

“ముట్టకు!” అని అరిచాడు లింగమూర్తి. “వినోదా! ముట్టకే!”

వినోద అదిరిపడి ఆగింది. ఆయన తినేవాళ్లను తోసుకుంటూ వెళ్లి తలుపు పక్కనున్న మెయిన్ స్విచ్ లాగేశాడు. దీపాలు, ఫ్యాన్లు, మిక్సీ అన్నీ ఒక్కసారి ఆగాయి. ఎవరో “క్యా హుఆ కాకా?” అని ఏమైందో అడిగారు. భరద్వాజ్ గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చాడు.

“అంకుల్, ఏంటిది? మంచి టైములో?”

లింగమూర్తి ప్లగ్గు పీకాడు. గిన్నె దింపించి, టీవీని తిప్పి, వెనక అట్ట మరలు విప్పాడు. కాలిన వాసన గుప్పుమంది. లోపల పిండి కారి కారి ఎండి పొక్కులు కట్టింది, కొన్నిచోట్ల పెనం మీది దోసెలా మాడిపోయింది. చెక్క లోపలి నుంచి నల్లబడింది. వాల్వులు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి. మీటరు పెట్టక్కర్లేదు, అయినా పెట్టాడు. డయోడు షార్టయి, కరెంటును మొత్తం వదిలేస్తోంది. సగం కాక కాదు. స్విచ్ ఆపి ఉన్నా పూర్తి కాక, ఎన్ని వారాలుగానో.

“కానీ ఆఫ్‌లోనే ఉంది కదా అంకుల్,” అన్నాడు భరద్వాజ్ వంగి చూస్తూ. “ఆఫ్ చేసిన టీవీ ఎలా కాలుతుంది? అగరుబత్తే అయ్యుండాలి.”

లింగమూర్తి కళ్లు మూసుకున్నాడు. ముప్పై ఏడేళ్ల కింద విన్న మాట.

“నేనే సార్,” అంది వినోద. చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది. “అగరుబత్తి నేనే పెట్టిన. మా బాపు చేతిల గూడ గిట్లనే అయిందట. మా ఇంటోల్ల చేతులల్లనే ఉన్నదేమో గీ నిప్పు. నేను పోత తియ్యుండ్రి. కోపం చెయ్యకుండ్రి.”

కట్టర్ లింగమూర్తి చేతిలో ఉంది. ఆయన వీపు అందరి వైపూ ఉంది. రెండు నొక్కులు నొక్కి, ఆ గింజను జేబులో వేసుకుంటే, ఇక ప్రపంచంలో ఎవరికీ ఏమీ తెలియదు. నొక్కాడు. ఒకటి. రెండు. అరచేతిలో పడింది, ఇంకా వెచ్చగా ఉంది.

“అగరుబత్తి గాదు,” అన్నాడు. “లోపల వైరింగు పాతది. అందుకే కాలింది. పోరి తప్పేం లేదు. దాన్ని పని మాన్పియ్యకుండ్రి.”

భరద్వాజ్ ముఖం చిన్నబోయింది. “అయ్యో. సారీ వినోదక్కా. నాకేం తెలుసు?” అన్నాడు. ప్రణీత ఆమె భుజం పట్టుకుంది. తప్పిన ప్రమాదం కంటే ఎక్కువగా, తప్పిన గొడవకు అందరూ ఊపిరి పీల్చుకున్నారు. వినోద ఏడుస్తూ నవ్వింది. లింగమూర్తి పక్కన చతికిలబడి మెల్లగా అంది.

“పెద్దబాపూ, నువ్వు రాకపోతే నేను బతికినన్ని రోజులు నేనే అంటువెట్టిన్నని అనుకుంటుంటి. మా బాపుకే అదృష్టం లేకపాయె. ఆనాడు గిట్ల విప్పి చూసి చెప్పే మిస్త్రీ ఒక్కడు లేకపాయె.”

లింగమూర్తి ఆమెను చూశాడు. బొంబాయి ఇంజనీరు గుర్తుకు రాలేదు, ఇరవై అడుగుల వెదురు గుర్తుకు రాలేదు. డెబ్బై ఆరేళ్లలో తను చూసిన వస్తువుల్లో ఒక్కటే కళ్లముందు ఉంది, వెనక వైపు బొగ్గైన ఒక స్టాండు.

“ఉండె,” అన్నాడు.

“ఎవరు?”

“మిస్త్రీ. ఆనాడు గూడ ఉండె. విప్పి చూసిండు. నేనే.” అరచేయి తెరిచి డయోడు చూపించాడు. “కిమ్‌ల టీవీల గూడ గిదే ఉండె. ఆపినా ఇది ఆగనియ్యదు. మీ బాపు ఆపిండు. నా సర్క్యూట్ ఆగలే. నాకు మర్నాడే ఎరుక.”

వినోద ఆ గింజ వైపు చూసింది. తర్వాత ఆమె ముఖంలో నవ్వు ఎటుపోయిందో పోయింది. లేచి, కొంగున కట్టుకున్న ఫోన్ తీసి, నంబరు నొక్కి, చెవి దగ్గర పెట్టుకుంది. పరుశురాం ఇప్పుడు లింబాయత్‌లోనే ఒక కార్ఖానా గేటు దగ్గర కాపలా.

“బాపూ. ఆఁ, నేనే. లింగమూర్తి పెద్దబాపు మాట్లాడుతడట.”

ఫోన్ ఆయన చేతికిచ్చి, కదలకుండా ఎదురుగా నిలబడింది.

“పరుశురాం,” అన్నాడు లింగమూర్తి.

“చెప్పన్నా, మంచిగున్నవా?” అటువైపు సాంచాల మోత.

“కిమ్‌ల... ఆ నిప్పు నీ బీడీది గాదురా.”

మోత. మోత ఒక్కటే.

“ఏందన్నా? ఇనొస్తలేదు. జర గట్టిగ చెప్పు.”

“నిప్పు నీ బీడీది గాదు. నా టీవీది.”

పక్క బల్ల మీదివాళ్లు తల తిప్పారు.

“ఇనొస్తలే. ఇంకా గట్టిగ.”

లింగమూర్తి లేచి నిలబడ్డాడు. ఒక చేత్తో టీవీ పట్టుకుని, గొంతులో ఎంత ఉంటే అంత తీసి అరిచాడు.

“కిమ్ కార్ఖానల అంటుకున్నది నీ బీడీకి గాదు! నేను పెట్టిన డయోడుకు! నువ్వు ఆపినా టీవీ ఆగలే! నాకు మర్నాడే తెలిసింది! నీ పని పోతుంటె చూసిన! సోమలింగం కాళ్లు చూసిన! ముప్పై ఏడేండ్లు నేను నోరు తెరువలే!”

తెలుగు రానివాళ్లు కూడా తినడం ఆపి చూస్తున్నారు. ప్రణీత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఫోన్‌లో సాంచాల మోత కొంచెం కొంచెంగా తగ్గింది. మనిషి నడుచుకుంటూ బయటికి వచ్చినట్టున్నాడు. ఊపిరి వినబడుతోంది.

“ఇనొచ్చింది,” అన్నాడు పరుశురాం. గొంతు ఎప్పటిలాగే ఉంది. “మొదటిసారే ఇనొచ్చింది.”

లింగమూర్తి ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు.

“ఏడున్నవ్?”

“అడాజన్‌ల. వినోద పనిచేసే కాడ.”

“ఆడనే ఉండు. నేనొస్తున్న.”

ఫోన్ ఆగిపోయింది. వినోద దాన్ని తీసుకొని కొంగున ముడి వేసుకుంది. భరద్వాజ్ మెయిన్ స్విచ్ పైకి నెట్టాడు. ఫ్యాన్లు తిరిగాయి. ఒకరొకరుగా జనం మళ్లీ తినడం మొదలుపెట్టారు, కానీ ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ప్రణీత ఒక కుర్చీ తెచ్చి వేసి, “కూర్చోండి తాతగారూ,” అంది. మంచినీళ్లు కావాలా అని అడగలేదు.

ఇవాళ లింబాయత్ నుంచి అడాజన్‌కు గంట పైనే పడుతుంది, వంతెన మీద రద్దీ ఉంది. లింగమూర్తి కుర్చీని తలుపుకు ఎదురుగా తిప్పుకొని కూర్చున్నాడు.